ఫాలోయర్లు పోయిన రోజు

పొద్దున్నే హైదరాబాద్ కృష్ణానగర్ వీధుల్లో జూనియర్ ఆర్టిస్టులు షూటింగ్ బండి కోసం చూస్తుంటారు. ఒకప్పుడు వేషం కావాలంటే ఫొటోలు దిగి, ఆల్బమ్ చంకన పెట్టుకుని సినిమా ఆఫీసుల చుట్టూ తిరగాలి. వాచ్‌మన్ లోపలికి పంపితే అదే పదివేలు. తర్వాత యూట్యూబ్ వచ్చింది. షార్ట్ ఫిల్ముల్లో కనిపించిన సుహాస్ 2020లో ‘కలర్ ఫొటో’తో హీరో అయ్యాడు. ఆ సినిమా నేరుగా ఆహా ఓటీటీలో విడుదలై జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది.

అదే ఏడు జూన్ 29న టిక్‌టాక్ సహా 59 యాప్‌లను కేంద్రం నిషేధించింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే సంగతి. టిక్‌టాక్‌లో లక్షల ఫాలోయర్లున్నవాళ్లకు ఒక్కసారిగా చేతిలో ఏమీ మిగల్లేదు. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశానికి వచ్చింది. ఓపికున్నవాళ్లు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆడిషన్ కబురు వాట్సాప్‌లోనే వస్తోంది. ఊరు కదలకుండా వీడియో పంపొచ్చు. బస్సు ఛార్జీ, గది అద్దె మిగులుతాయి కాబట్టి ఈ మార్పు నాకు నచ్చింది. ఆల్బమ్‌లు తీసే స్టూడియోవాళ్లకు నచ్చకపోవచ్చు. అయితే ‘ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అనే మోసగాడూ ఆ వాట్సాప్‌లోనే వస్తాడు, డబ్బు మాత్రం పంపకండి. మీ వీడియోల అసలు కాపీలు సొంత హార్డ్ డిస్కులో దాచుకోండి. యాప్ మూతపడినా, అవి ఇంకోచోట పెట్టుకోవచ్చు.