చుక్క పడిన చోటే తప్పు ఉందా?

పాత కారు ఉన్న ఇంట్లో తెల్లవారగానే కనిపించే దృశ్యం ఒకటుంది. రాత్రి బండి నిలిపిన చోట నేల మీద నల్లని ఆయిలు మరక. వెంటనే మనం "చాంబరు కారుతోంది" అనేస్తాం. చుక్క చాంబరు కింద పడింది కాబట్టి దోషం చాంబరుదే! ఇంత సులభమైన తీర్పు మరొకటి ఉండదు. కాని ఇది న్యాయమైన తీర్పేనా? కంటికి కనబడిన చోటునే కారణమని నిర్ణయించే హక్కు మనకెక్కడిది? ఈ వారం ఈ ప్రశ్నను కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

మన రోడ్ల మీద దశాబ్దాల పాటు తిరిగిన అంబాసిడర్ కారునే తీసుకుందాం. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో దాని తయారీ ఆగిపోయింది. పాత అంబాసిడర్లలోని 1489 సి.సి. పెట్రోలు ఇంజను ఇంగ్లండుకు చెందిన బి.ఎం.సి. 'బి సిరీస్' వంశానిది. అందులో ఆయిలు బయటికి రాగల దారులు చాలా ఉన్నాయి. పైన రాకర్ కవరు, పక్కన టాపెట్ కవర్లు, ముందు టైమింగ్ కవరు, అడుగున చాంబరు, వెనుక క్రాంక్‌షాఫ్ట్ చివర. పైన ఊరిన ఆయిలు ఇంజను ఒంటి మీదుగా కిందికి జారుతుంది. బండి నడిచేటప్పుడు గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. చివరకు అన్నిటికంటే పల్లంలో ఉన్న ఏదో బోల్టు తల దగ్గర చుక్కగా వేలాడుతుంది. ఆ బోల్టు చేసిన నేరమల్లా పల్లంలో ఉండటమే. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని పెద్దలు ఊరికే అనలేదు.

క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తన 'పోస్టీరియర్ అనలిటిక్స్' గ్రంథంలో ఒక భేదం చూపించాడు. ఒక సంగతి ఉన్నదని తెలియడం వేరు, అది ఎందుకు ఉన్నదో తెలియడం వేరు. దీనికి ఆయన గ్రహాలను ఉదాహరణగా చెప్పాడు. గ్రహాలు నక్షత్రాల్లా మిణుకు మిణుకుమనవు, కనుక అవి దగ్గరగా ఉన్నాయని మనం తెలుసుకుంటాం. కాని మిణుకుమనకపోవడం వల్ల అవి దగ్గర కాలేదు. దగ్గరగా ఉండటం వల్లనే మిణుకుమనడం లేదు. అంటే మన తెలివి నడిచే దారి, కారణం నడిచిన దారికి ఎదురు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు కూడా ఈ భేదాన్ని స్వీకరించారు. కార్యం నుండి కారణానికి వెళ్ళే నిరూపణ ఒకటి, కారణం నుండి కార్యానికి వచ్చే నిరూపణ మరొకటి అన్నారు. నేల మీది మరక కార్యం. మనం అక్కడ మొదలుపెట్టక తప్పదు. అక్కడే ఆగిపోతేనే చిక్కు.

మంచి మెకానిక్ ఈ గ్రంథాలు చదవకపోయినా ఆచరణలో ఇదే చేస్తాడు. ముందు చల్లారిన ఇంజనును కిరసనాయిలుతో, బ్రష్షుతో కడిగి ఆరబెడతాడు. పాత మురికి మీద కొత్త తడి కనబడదు కదా! అనుమానమున్న అతుకుల చుట్టూ ముఖానికి రాసుకునే పౌడరు చల్లుతాడు. బండిని కాసేపు నడిపి వచ్చి, లైటు పట్టుకుని పైనుండి చూస్తాడు. తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదేదో వెతుకుతాడు. ఒక్కసారికి ఒక్క ప్యాకింగే మారుస్తాడు. నాలుగూ ఒకేసారి మారిస్తే కారడం ఆగవచ్చు గాని, ఏది కారణమో ఎప్పటికీ తెలియదు.

చౌకైన అనుమానాన్ని ముందు, ఖరీదైనదాన్ని చివర పరీక్షించడం కూడా అతని నియమం. ఇంజను, గేరుపెట్టె కలిసే చోట చుక్క కనబడగానే "వెనుక భాగం పోయింది, ఇంజను దించాలి" అనేవారున్నారు. రాకర్ కవరు వెనుక మూల నుండి జారిన ఆయిలు కూడా అక్కడికే చేరుతుంది. ఒక ప్యాకింగుతో పోయే పనికి ఇంజను దించితే, అద్దె బండి నడుపుకునే డ్రైవరుకు ఎన్ని రోజుల సంపాదన పోతుంది! తొందరపాటు తీర్పుకు మూల్యం చెల్లించేది తీర్పు చెప్పినవాడు కాదు.

కారే చోటు దొరికినా విచారణ ముగియదు. టాపెట్ కవరుకు కొత్త ప్యాకింగ్ వేశారు. కొద్ది రోజులకే మళ్ళీ తడి. కోపంతో బోల్టును ఇంకా బిగిస్తే రేకు కవరు వంగుతుంది, ప్యాకింగ్ నలుగుతుంది, కారడం ఎక్కువవుతుంది. రింగులు అరిగిన ఇంజనులో మండిన వాయువు కొంత కిందికి దిగుతుంది. అది బయటికి పోవడానికి బ్రీదర్ గొట్టం ఉంది. మడ్డి పట్టి ఆ గొట్టం మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి అన్ని అతుకులనూ తోస్తుంది, బలహీనమైనది ముందు లొంగుతుంది. కనుక అడగవలసిన ప్రశ్నలు మూడు: చుక్క ఎక్కడ పడింది? ఎక్కడినుండి వచ్చింది? ఎందుకు వచ్చింది?

ఇంట్లో, బడిలో, ఊళ్ళో మన తీర్పులు చాలావరకు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. తరగతిలో ఊరికే తగవు పెట్టుకునే పిల్లవాడికి దెబ్బలు పడతాయి. రాత్రి ఇంట్లో జరిగిన రభస ఎవరికీ కనబడదు. కోడలు విసిరిన ఒక్క మాట వీధంతా వింటుంది. ఆమె దిగమింగిన వంద మాటలు ఎవరూ వినరు. మనం బోల్టులు బిగిస్తూనే ఉంటాం.

అయితే కారణం వెతకడమంటే తప్పును కప్పిపుచ్చడమా? కాదు. మనిషి ప్యాకింగ్ కాదు. ఒత్తిడికి లొంగడమా, నిలబడటమా అన్నది కొంతవరకు అతని చేతిలోనే ఉంది. అందుచేత బాధ్యత రద్దు కాదు. చిరిగిన ప్యాకింగును మార్చవలసిందే, గొట్టాన్నీ శుభ్రం చేయవలసిందే. ఒకటి చేసి రెండోది వదిలేస్తే అది సగం న్యాయం.

ఇక ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. ఈ ఇంజను వెనుక చివర రబ్బరు సీలు లేదు. షాఫ్ట్ మీద మరచుట్టులా చెక్కిన గాడి ఆయిలును లోపలికి తోస్తుంది, అంతే. అక్కడ కాస్త చెమ్మ ఉండటం వింత కాదు. దాని కోసం ఇంజను విప్పడం కన్నా, తరచుగా డిప్‌స్టిక్ చూసి తగ్గినంత పోసుకోవడం వివేకం. కాని ఆయిలు ధారగా కారుతున్నా, వేడి సైలెన్సరు గొట్టం మీద పడుతున్నా, క్లచ్చిని తడుపుతున్నా ఊరుకోవడం ఓర్పు అనిపించుకోదు, అలక్ష్యం అవుతుంది. ఈ రెంటికీ తేడా దూరం నుండి తెలియదు. ఇంజనైనా, మనిషైనా, మురికి తుడిచి, లైటు పట్టుకుని, మొదటి తడి ఎక్కడుందో ఓపికగా చూసినవారికే తెలుస్తుంది.