పచ్చలైటు మీద ఆశ

హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఉండేవాడు. కుర్చీలో కూర్చుని కూర్చుని బొజ్జ పెరిగిందని సైకిల్ కొన్నాడు. అదీ అలాంటిలాంటిది కాదు. సన్న టైర్లు, కిందికి వంపు తిరిగిన హ్యాండిల్, ఒంటిచేత్తో లేపగలిగే రోడ్ బైక్. కొన్నాళ్లు మామూలు పెడళ్లతోనే గండిపేట దాకా తొక్కాడు. తోటివాళ్ల బూట్లు టక్కుమని పెడళ్లకు అతుక్కోవడం చూశాక మాత్రం మనసు ఆగలేదు. క్లిప్‌లెస్ పెడళ్లు కొనుక్కుని నార్సింగి దగ్గరున్న మెకానిక్ తాత దుకాణానికి తెచ్చాడు.

ఆ తాత ఒకప్పుడు గంటకింత అని సైకిళ్లు కిరాయికిచ్చినవాడు. ఇప్పుడు ఆయన కొట్టు ముందు కార్ల ధర పలికే కార్బన్ ఫ్రేములు వేలాడుతుంటాయి. కొట్టు పేరు, గోడ సున్నం మాత్రం మారలేదు.

బూటు అడుగున మూడు మరలతో బిగించే ప్లాస్టిక్ బిళ్లను క్లీట్ అంటారు. దాన్ని పెడల్ మీద ఆనించి నొక్కితే స్ప్రింగు పట్టుకుంటుంది, మడమను బయటికి తిప్పితే వదిలేస్తుంది. అందులో ఉన్నదంతా అంతే. కుర్రాడు ఎర్ర క్లీట్లు కావాలన్నాడు. షిమానో రోడ్ పెడళ్లలో ఎర్రవి బిగించుకుంటే పాదం అటూ ఇటూ కదలదు, పందేలు తొక్కేవాళ్లకు అవంటే ఇష్టం. తాత వినిపించుకోకుండా పసుపువి బిగించాడు. వాటిలో పాదానికి ఆరు డిగ్రీల వెసులుబాటు ఉంటుంది, మోకాలికి సుఖం. తర్వాత అలెన్ కీ తీసుకుని స్ప్రింగు మరను వీలైనంత వదులు చేశాడు.

"గోడ పట్టుకొని సైకిల్ మీద కూసో బిడ్డా. ఇరికిచ్చుడు నాకు సూపియ్యకు, అది ఎవనికైనా వస్తది. తీసుడు సూపియ్యి."

మొదట పాదాన్ని పైకి గుంజాడు. రాలేదు. వెనక్కి లాగాడు. రాలేదు. చెప్పు విడిచినట్టు విడవాలని ఒళ్లు అనుకుంటుంది, యంత్రం మాత్రం మడమ తిప్పమంటుంది. గోడ పట్టుకుని సాయంత్రం దాకా సాధన చేశాక ఎడమ మడమ దానంతటదే తిరగడం నేర్చింది.

"ఆగాల్సి వస్తదేమో అని అనిపియ్యంగనె తియ్యి. ఆగినంక తీసుడు కాదు," అని తాత పంపించాడు.

2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు గదా, కుర్రాడి చదువంతా అక్కడే సాగింది. లారీ లేదు, ఆటో లేదు. ఎండ కూడా నెత్తిన పడదు. కాలు పెట్టడం, లాగడం, తీయడం అన్నీ వచ్చేశాయి. ఎప్పుడు ఆగాలో తానే నిర్ణయించుకునే దారి కనుక, ఎప్పుడు ఆగాల్సి వస్తుందో తెలియని దారి ఎలా ఉంటుందో అతనికి పట్టలేదు.

అతని గుంపులో ఒక అక్క ఉండేది. బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, వేగం అంతంతమాత్రం. ఆమెకొక అలవాటు. సిగ్నల్ కంటికి కనబడగానే ఎడమ పాదం ఊడదీసేది. చాలాసార్లు ఆమె దగ్గరికి వచ్చేలోగా పచ్చలైటు పడేది. ఊడదీసిన పాదాన్ని పెడల్ వీపున ఆనించి కూడలి దాటేసేది, అవతల మళ్లీ టక్కుమనిపించేది. ఆవు అడ్డం వస్తుందనిపించినా అంతే, ముందున్న స్కూలు బస్సుకు బ్రేకు లైటు వెలిగినా అంతే.

"అక్కా, ఊరికే తీసి ఊరికే పెడతావేంటి? చూసేవాళ్లకు నీకు రానట్టుంటుంది," అన్నాడు కుర్రాడు.

"అనుకోనీ తమ్ముడూ," అంది అక్క.

ఒక ఆదివారం పొద్దున గుంపంతా ట్రాక్ వదిలి ఊరి రోడ్డు మీదికి వచ్చింది. కూడలిలో ఎర్రలైటు, పక్కనే అంకెలు దిగుతున్నాయి. అక్క మామూలుగానే పాదం తీసేసింది. కుర్రాడు అంకెలు లెక్కపెట్టుకున్నాడు. తాను చేరేసరికి పచ్చ పడుతుంది, ఇంకొంచెం నెమ్మదిగా పోతే చాలు, కాలు కింద పెట్టే పనే ఉండదు. నెమ్మదించాడు. ఇంకా నెమ్మదించాడు. సైకిల్ నిలబడేది చక్రాలు దొర్లుతున్నందుకే. ఒరిగిన వైపుకు హ్యాండిల్ కాస్త తిప్పి చక్రాలను మళ్లీ మన బరువు కిందికి తెచ్చుకుంటాం, అది తెలియకుండానే చేస్తాం. దొర్లడం ఆగితే హ్యాండిల్ ఎంత తిప్పినా లాభం లేదు.

ముందున్న ఆటో తటాలున ఆగింది. కుర్రాడూ ఆగాడు. ఎడమ మడమ తిరిగింది కూడా, గోడ దగ్గర నేర్చిన విద్య పోలేదు. కానీ ఆ ఊపుకు సైకిల్ కుడికి ఒరిగింది. కుడి పాదం ఇంకా బిగిసే ఉంది. నరికిన మానులా, ఎంతో తీరికగా, అందరూ చూస్తుండగా రోడ్డు మీదికి వాలాడు. వెనకనున్న పాలబండివాడు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది.

మోచేయి గీరుకుంది. సైకిలుకు గీత కూడా పడలేదు, కానీ గేర్లు మాత్రం చెప్పిన మాట వినడం మానేశాయి. తాత వెనక చక్రం దగ్గర కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు. గేర్లు మార్చే డెరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్, లోపలికి వంగింది. దెబ్బ తగిలితే ఫ్రేము బదులు అది వంగాలనే దాన్ని మెత్తగా చేస్తారు.

"కుడిపక్కకు పడ్డవ్. ఎడమ కాలు తీసినవ్. ఆగినంక తీసినవ్," అన్నాడు తాత, పక్కన నిలబడి చూసినవాడిలాగే.

"గ్రీన్ పడుతుందనుకున్నా తాతా."

"పడ్డది గద బిడ్డా. నువ్ పడ్డంక."

నీతి: ఆగవలసి వస్తుందేమోనని తోచినప్పుడే పాదం తియ్యాలి. ఆ తీయడం ఎన్నిసార్లు వృథా పోయినా సరే.

ఈ కథ విన్నవాళ్లలో కొందరు దీన్ని గర్వభంగం కింద జమకడతారు. నాకు ఒప్పుదల లేదు. ఆ కుర్రాడికి గర్వం లేదు, ఆశ ఉంది. ఇంకొందరు అభిమన్యుణ్ని తెస్తారు, లోపలికి పోవడమే తెలిసి బయటికి రావడం తెలియలేదని. అదీ కుదరదు. పద్మవ్యూహంలోంచి బయటపడే విద్య అభిమన్యుడికి రాదు. ఇతనికి వచ్చు. సాయంత్రం దాకా గోడ పట్టుకుని నేర్చుకున్నాడు. రాని విద్య కాదు అతన్ని పడేసింది, వాడనక్కర్లేకుండా పోతుందేమోనని చివరిదాకా దాచుకున్న విద్య.

అక్కకూ అతనికీ తేడా నైపుణ్యంలో లేదు. అక్క తన శ్రమ వృథా కావడానికి ముందే ఒప్పుకుంది. పచ్చలైటు పడిన ప్రతిసారీ ఆమె తీసిన పాదం దండగే. చూసేవాళ్ల ముందు చిన్నతనం కూడా. ఆ దండగను రోజూ కట్టేవాళ్లు పడరు. మందు వాడకుండానే దగ్గు తగ్గుతుందని ఆగేవాళ్లు, అప్పు ఇచ్చినవాడే మర్చిపోతాడని ఊరుకునేవాళ్లు, రాజీనామా రాయకుండానే ఆఫీసు మారుతుందని ఏళ్లు గడిపేవాళ్లు, అందరూ అంకెలు లెక్కపెడుతున్నవాళ్లే. వాళ్లలో కొందరికి నిజంగానే పచ్చ పడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఒక్కసారి కలిసొచ్చిన లెక్క మరుసటి సిగ్నల్ దగ్గర మనిషిని ఇంకాస్త ఆలస్యం చేస్తుంది.

పెడల్‌ను తిట్టేవాళ్లూ ఉన్నారు, కాళ్లు కట్టేసుకుని రోడ్డెక్కడమేమిటని. పెడల్ పుట్టుక తెలిస్తే అలా అనరు. అంతకు ముందు పందెగాళ్లు పాదాలను లోహపు కొక్కేల్లో దూర్చి తోలు పట్టీలు బిగించుకునేవారు. ఆగాలంటే వంగి, చేత్తో పట్టీ వదులు చేసుకోవాలి. 1984లో ఫ్రాన్సుకు చెందిన లుక్ కంపెనీ ఈ పెడళ్లను బజారుకు తెచ్చింది. 1985లో బెర్నార్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు, అది అతని ఐదో గెలుపు. లుక్ అంతకు ముందు చేసేది మంచు మీద జారే స్కీలకు బూట్లను బిగించే బైండింగులు. జారేవాడు పడితే బూటు స్కీ నుంచి ఊడాలి, లేకపోతే కాలు విరుగుతుంది. కాలిని వేళకు వదలడం ఎలాగన్నదే ఆ కంపెనీ పెద్ద పని. ఆ పనితనమే సైకిల్ పెడల్‌లోకి వచ్చింది. మడమ తిరిగితే అది ఎప్పుడూ వదిలేస్తుంది. బిగపట్టుకునేది మనం.

"అందరూ పడతారు, అదొక ముచ్చట" అని సైక్లిస్టులు కొత్తవాళ్లకు ధైర్యం చెబుతుంటారు. ఆ మాట నాకు నచ్చదు. మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి. ఎడమకు పడితే రోడ్డు అంచు, కుడికి పడితే వెనకొచ్చే చక్రాలు. అందుకే ఇక్కడ ఎడమ పాదం తీసి, ఒళ్లు కూడా ఎడమకే వాల్చాలి. గొలుసు కుడివైపు ఉంటుంది గనుక పిక్కకు జిడ్డు అంటకపోవడం అదనపు లాభం. పడుతున్నామని తెలిసినా చేయి చాచకూడదు. మణికట్టు విరిగేది అక్కడే. హ్యాండిల్ వదలకుండా మోచేతి గీతతో సరిపెట్టుకోవడం మేలు.

అయితే తాత చెప్పిన నీతి అన్ని దారుల్లోనూ ఒకేలా పనిచెయ్యదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల ఎక్కుడు మీద ముందుగా పాదం తీస్తే తొక్కుడు తెగిపోతుంది, తొక్కుడు తెగితే అక్కడికక్కడే నిలిచిపోతాం. మళ్లీ ఎక్కి క్లీట్ తగిలించే ఊపు ఆ వాలు మీద దొరకదు. కనుక అక్క అక్కడ పాదం కంటే ముందు చోటు చూసుకుంటుంది. గుట్ట అడుగుననే చిన్న గేరులోకి మారిపోతుంది. ఆయాసం మితిమీరక ముందే, కుడికి తిరిగే వంపు ఒకటి ఎంచుకుంటుంది. ఎడమన నడిచే మనకు ఆ వంపులో బయటి అంచు దొరుకుతుంది, లోపలి అంచుకన్నా అక్కడ వాలు తక్కువ. అక్కడికి చేరాక, ఇంకో రెండు తొక్కుళ్ల బలం మిగిలి ఉండగానే మడమ తిప్పుతుంది.