మొహం చాటేయకు బిడ్డా

ఏం బిడ్డా, స్నేహితుడి డబ్బు చెప్పిన రోజుకు ఇవ్వలేక వాడి ఫోన్ ఎత్తడం మానేశావట. వాడి వీధి తప్పించి చుట్టూ తిరిగి పోతున్నావట. నువ్వు ఎగ్గొట్టే మనిషివి కాదని నాకు తెలుసు. సిగ్గేసి తిరుగుతున్నావు. కానీ ఆ సంగతి వాడికెలా తెలుస్తుంది? వాడికి కనిపించేది ఎత్తని ఫోనే కదా!

కాస్త నిలబడి విను. తప్పు జరిగాక మనసులో రెండు రకాల బాధ పుడుతుంది. ఒకటి 'నేను చేసిన పని చెడ్డది' అంటుంది. రెండోది 'నేనే చెడ్డవాణ్ణి' అంటుంది. మొదటిది నిన్ను అవతలివాడి గడప దాకా తీసుకుపోతుంది. రెండోది తలుపేసి కూర్చోబెడుతుంది, అడిగినవాళ్ల మీద కోపం తెప్పిస్తుంది. మొన్న అమ్మ అడిగితే కసురుకున్నావే, అది దీని పనే. హెలెన్ బ్లాక్ లూయిస్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో ఈ రెండింటి మీదే ఒక పుస్తకం రాసింది. చొక్కా చిరిగితే చిరిగినచోట కుట్టుకుంటాం గానీ చొక్కానే పారేస్తామా?

ఆ రెండో రకం బాధ ఎంత దూరం తీసుకుపోతుందో ఒక పాత సంగతి చెబుతాను. మన బీదర్‌లో గవాన్ మదరసా చూశావు కదా. 1472లో దాన్ని కట్టించిన మహమూద్ గవాన్ బహమనీ సుల్తానుకు మంత్రి. గిట్టనివాళ్లు ఆయన ముద్ర వేయించి, ఒడిశా గజపతిని దండెత్తి రమ్మన్నట్టు దొంగ ఉత్తరం పుట్టించారు. 1481లో కొండపల్లి దగ్గర సుల్తాను మూడో మహమ్మద్ షా దాన్ని చూపించి నిలదీశాడు. ముద్ర తనదే, రాత తనది కాదు అన్నాడు ఆ ముసలాయన. విచారణ లేదు, ఒక రాత్రి ఆగడం కూడా లేదు. తల తీయించాడు.

నిజం తెలిశాక సుల్తాను కుమిలిపోయాడు. శవాన్ని మర్యాదగా బీదర్‌కు పంపాడు, అదొక్కటి చేశాడు. మరి కుట్రలో పెద్ద చెయ్యి ఉన్న మాలిక్ హసన్‌ను ఏం చేశాడు? వాడికే పెద్ద పదవి దక్కింది. సర్దారులు భయపడి సుల్తానుకు దూరంగా వేరే గుడారాలు వేసుకున్నారు. వాళ్లకు ధైర్యం చెప్పి దగ్గరికి తీసుకోవలసినవాడు తాగుడులో పడి ఏడాది తిరక్కుండానే పోయాడు. ఆ తర్వాత రాజ్యం ఐదు ముక్కలైంది. నా మటుకు నేను ఆయన ఏడుపు దొంగదనను. నిజంగానే ఏడ్చాడు. కానీ ఆ ఏడుపంతా తన చుట్టూనే తిరిగింది, దెబ్బతిన్నవాళ్ల వైపు మళ్లలేదు.

నీ తప్పు అంతటిది కాదు, ఇవాళే సరిచేసుకోవచ్చు. సాయంత్రం లోపల వాడికి ఫోన్ చెయ్యి. 'అన్న రోజుకు ఇవ్వలేదు, చెప్పకుండా తిరిగాను, తప్పు నాదే' అను. జీతం రాగానే ఎంత ఇస్తావో, మిగతాది ఎప్పుడిస్తావో చెప్పు. ఇవ్వగలిగినంతే చెప్పు, తొందరపడి ఎక్కువ ఒప్పుకోకు. 'నేనింతేరా, దేనికీ పనికిరాను' అని మాత్రం మొదలుపెట్టకు. అప్పుడు వాడే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది, వాడి డబ్బు మాట మళ్లీ వెనక్కి పోతుంది.