పేరు ఎవరి సొమ్ము?

ఒకనాటి సాయంకాలము మా యింటి వసారాలో నలుగురు యువకులు కూర్చుండి వాదించుకొనుచుండిరి. వారి వాదమునకు విషయము ఇంగ్లండులో పుట్టిన ‘యెస్’ అను వాద్యబృందము. అందుండి యెవరు పోయిరి, యెవరు మిగిలిరి, ఏ ఆల్బము నిజముగా ఆ బృందమునకు చెందినది, ఏది చెందదు అనునదే వారి తగవు. మొదట నాలో నేను నవ్వుకొంటిని. కొంతసేపు విన్న పిమ్మట అందొక ధర్మసందేహము దాగియున్నదని తోచెను. పలువురి శ్రమచే పేరు గడించిన కూటమి చీలినప్పుడు ఆ పేరు ఎవరికి చెందవలెను?

1968లో లండను నగరమున గాయకుడు జాన్ ఆండర్సన్, బేస్ గిటారు వాద్యకుడు క్రిస్ స్క్వైర్ మొదలగువారు ఈ బృందమును స్థాపించిరి. మూడు నిమిషముల పాటల కొలతను దాటి దీర్ఘరచనలు కూర్చెడి ‘ప్రోగ్రెసివ్ రాక్’ పద్ధతిలో వీరు అగ్రగణ్యులైరి. 1972లో వెలువడిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ అను ఆల్బమున ఒక వైపంతయు ఒకే రచన. 1973 నాటి ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ నాలుగు వైపులకు నాలుగు రచనలు గలది. పరమహంస యోగానందుల ఆత్మకథలో శాస్త్రములను గూర్చిన ఒక పాదసూచిక దానికి ప్రేరణము.

ఇంత చేసిన బృందము నిలకడగా నుండలేదు. డ్రమ్ములు వాయించు బిల్ బ్రూఫర్డ్, కీర్తి పెరుగుచున్న 1972లోనే, కింగ్ క్రిమ్సన్ అను మఱియొక బృందమున చేరెను. కీబోర్డు వాద్యకుడు రిక్ వేక్‌మన్ 1973 నాటి దీర్ఘరచన తనకు రుచింపక 1974లో వెడలిపోయి, రెండేండ్లకు మరలివచ్చెను. 1975, 1976 సంవత్సరములలో అప్పటి సభ్యులైదుగురును ఒక్కొక్కరు ఒక్కొక్క స్వంత ఆల్బమును వెలువరించిరి.

మా వసారాలోని యువకులలో ఒకడు ఇట్టి వేరు ప్రయత్నములను ద్రోహమనియే యెంచెను. నాకట్లు తోచదు. స్క్వైర్ 1975లో వెలువరించిన ‘ఫిష్ అవుట్ ఆఫ్ వాటర్’ అను స్వంత ఆల్బమున డ్రమ్ములు వాయించినవాడు, మూడేండ్ల క్రిందట బృందమును విడిచిపోయిన బ్రూఫర్డే. విడిచిపోవుట పగకు గుర్తయినచో అతడట్లు వచ్చి కూర్చుండునా? ఒకని మనస్సులోని రచన పదుగురి సమ్మతికి లొంగకపోవచ్చును. దానిని వేరుగా వినిపించుట కూటమికి మేలే గాని కీడు గాదు.

అసలు చిక్కు పేరుతో వచ్చినది. 1981లో బృందము చెదరెను. స్క్వైర్, డ్రమ్ముల వాద్యకుడు అలన్ వైట్ అను వారిద్దరు ట్రెవర్ రాబిన్ అను గిటారు వాద్యకునితో ‘సినిమా’ అను పేర క్రొత్త బృందము కట్టిరి. ఆండర్సన్ వచ్చి గొంతు కలుపగనే దానికి పాత పేరే పెట్టి 1983లో ‘90125’ అను ఆల్బమును వెలువరించిరి. అందలి ఒక పాట 1984 జనవరిలో అమెరికాలో ప్రథమ స్థానమునకెక్కెను. తరువాత 1989లో ఆండర్సన్, బ్రూఫర్డ్, వేక్‌మన్, గిటారు వాద్యకుడు స్టీవ్ హౌ కలిసి ఒక ఆల్బమును చేసిరి. 1972 నాటి మహారచనను వాయించిన ఐదుగురిలో నలుగురు వీరే. అయినను పేరుపై హక్కు స్క్వైర్ పక్షమున నుండుటచే, వీరు తమ నలుగురి యింటిపేర్లనే బృందమునకు పేరుగా పెట్టుకొనవలసివచ్చెను. తగవు న్యాయస్థానము మెట్లెక్కెను.

నలుగురిదా పేరు, ఒక్కనిదా? మిళిందునితో నాగసేనుడు చెప్పిన రథదృష్టాంతము ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. చక్రము రథము కాదు, ఇరుసు రథము కాదు, నొగ రథము కాదు. అన్నియు కూడిన చోట రథమను పేరు వ్యవహారమునకు వచ్చును. ఈ న్యాయముచే చూచినచో ఆండర్సన్ గొంతు యెస్ కాదు, స్క్వైర్ బేస్ గిటారును యెస్ కాదు.

కాని ఈ దృష్టాంతమునకు ఒక హద్దున్నది. చక్రమును మార్చినచో చక్రము దుఃఖింపదు, మనుష్యుడు దుఃఖించును. 2008లో ఆండర్సన్ శ్వాసవ్యాధిచే మంచము పట్టగా, ఈ బృందపు పాటలనే అనుకరించి పాడుచున్న వేరొక గాయకుని తెచ్చి ప్రదర్శనలు సాగించిరి. తాను స్థాపించిన బృందము తాను లేకయే సాగుట చూచి ఆండర్సన్ నొచ్చుకొనెను. బృందము ఆగిపోవలెనని నేననను. అయినను స్థాపకుని బాధ వ్యర్థప్రలాపమని కొట్టివేయుటయు ధర్మము గాదు.

కావున నాకు తోచిన సమాధానమిది. పేరు ఆస్తి కాదు, అప్పు. న్యాయస్థానము ఆస్తిని పంచగలదు గాని, అప్పును తీర్చలేదు. పేరు చేతనున్నవాడు దానిని గడించిపెట్టిన వారందరికి ఋణపడియుండును. ఆ ఋణము రెండు విధముల తీరును: పనిని పూర్వులు చేసినంత శ్రద్ధగా చేయుట, పూర్వుల పాలును దాపరికము లేక చెప్పుట. 2015లో స్క్వైర్ వ్యాధిగ్రస్తుడై తన స్థానమునకు బిల్లీ షెర్వుడ్‌ను తానే కోరెను. ఆ యేడే స్క్వైర్ మరణించెను. నేడు ఆ బృందమున 1968 నాటి వారొక్కరును లేరు.

పరభాషాప్రాంతములందు తరతరములుగా నివసించుచున్న మనకు ఇది వింత గాదు. తంజావూరు సీమలోని మెలట్టూరున వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకములను నృసింహజయంతికి నేటికిని ఆడుచున్నారు. తొలినాడు ఆడిన వారొక్కరును లేరు. అయినను అది భాగవతమేళ కాదని యెవ్వరు అనగలరు? శ్రద్ధయు, ఋణస్మృతియు ఉన్నంత వరకు పేరు నిలుచును. అవి పోయిన నాడు చట్టము కాపాడినను అది బోర్డుపై వ్రాత మాత్రమే.

2017 ఏప్రిలులో రాక్ సంగీతపు గౌరవమందిరమున ఈ బృందమునకు స్థానమిచ్చినప్పుడు, అప్పటికి రెండు కూటములుగా నున్నవారు ఒకే వేదికపై నిలిచిరి. 1983 నాటి పాటను ఆండర్సన్, రాబిన్ ప్రభృతులు వినిపింపగా స్టీవ్ హౌ తన గిటారును విడిచి బేస్ గిటారు చేపట్టెను. ఆ పాట పుట్టిననాడు అతడు బృందమున లేడు. అది తన పాట గాదు. బేస్ వాయింపవలసిన స్క్వైర్ గతించెను. ఆ ఖాళీని పూరించుటకు హౌ ముందునకు వచ్చెను.

ఏది నిజమైన యెస్ అని యువకులు నన్నడిగిరి. ఆ ఐదారు నిమిషములు వాయించినది నిజమైన యెస్ అని చెప్పితిని.