ఆ ఇంజక్షన్ నువ్వే వెయ్యి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

ఈసారీ పిండం నిలవలేదని మీ అమ్మ చెప్పింది. నువ్వు కన్నీటి చుక్క రాల్చలేదని గొప్పగా కూడా చెప్పింది. అందులో గొప్పేముంది నాన్నా? నువ్వు గుండె రాయి చేసుకుని తిరుగుతుంటే, బాధంతా తనకొక్కదానికే అనుకుంటుంది కోడలు. ఏడుపొస్తే ఆమె పక్కనే కూర్చుని ఏడువు.

కిందటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ల పక్కన ఇంజక్షన్ల డబ్బా చూశాను. సాయంత్రం ఫోన్లో అలారం మోగగానే అమ్మాయి పొయ్యి కట్టేసి, చేతులు కడుక్కుని, గదిలోకెళ్లి తలుపు వేసుకుంది. తన పొట్ట మీద తనే పొడుచుకుని, కాసేపటికి వచ్చి మళ్లీ కూర కలిపింది. నువ్వు హాల్లో క్రికెట్ చూస్తున్నావు. తిట్టడానికి రాయడంలేదు. ఆ ఇంజక్షన్ వెయ్యడం నేర్చుకో. నర్సునడిగితే చూపిస్తుంది. ఇద్దరి బిడ్డ కోసం జరిగే వైద్యంలో మందులన్నీ ఆమె ఒంట్లోకే పోతున్నాయి, కనీసం సూదైనా నీ చేతిలో ఉండాలి.

మీ రిపోర్టుల్లో ఏముందో నాకు అనవసరం. కానీ లోపం అమ్మాయిదేనని మనవాళ్లంతా అప్పుడే తేల్చేశారు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగంమందికి మగవాడి వైపు నుంచీ కారణం ఉంటుంది. ఈ మాట నలుగురిలో ఆమె అంటే తప్పించుకుంటోందంటారు. నువ్వంటే వింటారు.

పిండం పెట్టాక మెట్లెక్కిందనీ, బకెట్ ఎత్తిందనీ మీ అమ్మ సణుగుతోందట. మంచం దిగకుండా పడుకున్నంత మాత్రాన పిండం నిలిచే అవకాశం పెరగదని పరిశోధనలు తేల్చాయి. నిలవని పిండాల్లో చాలావాటికి క్రోమోజోముల్లోనే తేడా ఉంటుంది. మా చెల్లెలికి నేను విడిగా చెబుతాను. అయినా కోడలి ఎదుట, మీ అమ్మ వింటుండగా, చెప్పాల్సింది నువ్వే.

సంతానం కోసం మొక్కుకోడానికి మోపిదేవి గుడికి వెళ్లాలనిపిస్తే వెళ్లిరండి, ఎవరో తరిమారని మాత్రం వెళ్లకండి. 2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుడిలో సంతానం కోరేవాళ్లకు గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి వేలమంది వచ్చారు, ఆ దారంతా కార్లతో నిండిపోయింది. అంతమంది ఈ బాధ మోస్తూ మన మధ్యే తిరుగుతున్నారన్నమాట. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర మాత్రం “ఏమైనా విశేషమా?” అని అడిగేవాళ్లే కనిపిస్తారు.

బంగారం బ్యాంకులో పెట్టారని విన్నాను. ఎంతవరకు ఖర్చుపెట్టాలి, ఎన్నిసార్లు ప్రయత్నించాలి, ఎక్కడ ఆపాలి అన్నది మళ్లీ మొదలుపెట్టకముందే ఇద్దరూ మాట్లాడుకోండి. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే కారులో తేలే విషయం కాదది. ఆమె ఇక చాలంటే ఆ మాటకు విలువివ్వు. దత్తత గురించి మాట్లాడాలనుకుంటే మీ ఇద్దరే మొదలుపెట్టాలి, మేమెవరం సలహాలివ్వకూడదు.

2021లో వచ్చిన చట్టం ప్రకారం ఐవీఎఫ్ క్లినిక్కులు దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వాలి, విజయావకాశాలెంతో చెప్పాలి. కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని పంపేస్తే ఊరుకోకండి, నోరు తెరిచి అడగండి. రాత్రిపూట మనసు మరీ బరువెక్కితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే నెల మనింట్లో శ్రీమంతం ఉంది కదా. కోడలికి రావాలనిపిస్తేనే తీసుకురా. రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

మళ్లీ ప్రయత్నం చేస్తే, పిండం పెట్టిన రెండు వారాలకు రక్తపరీక్ష ఉంటుంది. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టు.

ఇట్లు,
మీ పెద్దమ్మ