పాత బల్ల, పనివాని గుర్తు

దోహాలోని ఇండస్ట్రియల్ ఏరియాలో వీధులను అంకెలతోనే పిలుస్తారు. అక్కడి వర్క్‌షాపులలో పనిచేసే మనవారికి నిత్యం ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: పాత వస్తువును ఉన్నంతలో కాపాడుకోవాలా, పూర్తిగా కొత్తదిగా మార్చివేయాలా? పాతకాలపు పూల్ టేబుల్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

దాని అడుగునున్న పలకరాయి తరతరాలు నిలుస్తుంది. పైన పరచిన ఉన్నిగుడ్డ అరిగిపోతుంది; అంచులలోని రబ్బరు గట్టిపడి బంతిని సరిగా తిప్పికొట్టదు. ఈ రెండింటినీ మార్చడం దోషం కాదు, ఆడుకోవడానికే కదా ఆ బల్ల! చెదపట్టిన కాలును మార్చడమూ అవసరమే. కాని గట్టిగా ఉన్న కొయ్యను, కేవలం మెరుపుకోసం, చిత్రిక పట్టవచ్చునా? అలా పోయిన పాతదనం ఎంత ఖర్చు చేసినా తిరిగి రాదు.

హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్‌లోనూ పాత బిలియర్డ్స్ బల్ల ఉన్నది. 1884లో పునాది పడిన ఆ భవనం, ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగాక, 2010లో హోటలుగా తెరుచుకున్నది. కట్టించిన వికారుల్ ఉమ్రా పేరు చరిత్రకెక్కింది. రాళ్లు మోసినవారి పేర్లను ఎవరడిగారు? మారిషస్‌కు కూలికి వెళ్లిన మా పూర్వులనూ కోరంగివారనే అన్నారు. ఓడ ఎక్కిన రేవు పేరే వారి పేరయింది.

పేరు మిగలని పనివానికి ఉలిగుర్తే సంతకం. కనుక వాడుకకు అవసరమైనది మార్చుదాం, అందంకోసం ఆ సంతకాన్ని చెరపకుందాం. నేడు ఇండస్ట్రియల్ ఏరియాలో శ్రమిస్తున్న చేతులకూ మనం చూపవలసిన గౌరవం ఇదే.