జీవనోపాధికై అసత్యమాడవచ్చునా?

నంద్యాలయందును, దానికి దక్షిణమున నున్న ఆళ్ళగడ్డయందును డిగ్రీ ముగించిన యువకులనేకులు కంప్యూటరు సంస్థలలో టెక్ సపోర్టు ఉద్యోగములకై ఇంటర్వ్యూలకు సిద్ధపడుచున్నారు. హైదరాబాదు అమీరుపేటకు పోయి శిక్షణ పొందువారును గలరు. వీరికిని వీరి తల్లిదండ్రులకును ఒక ధర్మసందేహము కలుగుచున్నది. చేయని పనిని చేసితినని, లేని అనుభవము ఉన్నదని కాగితముపై వ్రాసికొనుట తగునా? అందరును వ్రాయుచుండగా మనము మాత్రము వ్రాయకున్న వెనుకబడుదుము గదా యను మాట ఇండ్లలో వినబడుచున్నది. చదువునకై చేసిన అప్పు ఆ మాటకు బలము చేకూర్చుచున్నది.

ఈ పక్షమునకు శాస్త్రప్రమాణము చూపువారును గలరు. భాగవతము అష్టమస్కంధమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తితో, జీవనోపాధికి భంగము కలుగునపుడును, ప్రాణసంకటమందును బొంకినను నింద లేదని చెప్పెను. నిజమే. కాని ఆ వెసులుబాటును బలి గైకొనలేదను సంగతి మరువరాదు. సర్వస్వము పోవునని యెరిగియు అతడు మాటకు కట్టుబడెను. స్వామి యనుగ్రహమునకు పాత్రుడయ్యెను.

ఇక ఆ యుద్యోగ స్వరూపమును విచారింతము. పాస్‌వర్డు మరచినవాడు, నెట్‌వర్కు నిలిచిపోయినవాడు, ప్రింటరు కదలక పని ఆగినవాడు ఫోను చేయును. ఆ క్షణమున అతడు ఆర్తుడు. అతడు చెప్పునది ఓర్పుతో విని, విన్నదానిని తిరిగి చెప్పి సరిచూచుకొని, తీగ ఊడినదేమో యను సులభకారణము మొదలుకొని ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. అంతుపట్టనిచో, చేసినదంతయు వ్రాసి తనకంటె నిపుణునకు అప్పగింపవలెను. ‘నాకు తెలియదు, తెలిసినవారి నడిగి చెప్పెదను’ అనుట ఈ వృత్తిలో లోపము కాదు, విధి. తెలియనిది తెలిసినట్లు నటించుటకు అలవాటుపడినవాడు ఇతరుల యంత్రమును, అందలి సమాచారమును చెరుపును. లాభము బొంకినవానికి, నష్టము నమ్మినవానికి. ఇట్టిచోట శుక్రనీతి ఎట్లు పొసగును?

అట్లని సాధన వలదని కాదు. శింశుపావృక్షముపై నున్న హనుమంతుడు, తాను సంస్కృతమున పలికినచో సీతమ్మ తన్ను రావణునిగా తలచి భయపడునని యోచించి, ఆమెకు నమ్మకము కలుగు రీతిని మానుషభాష నెన్నుకొనెను. మాటను ముందుగా దిద్దుకొనుట వంచన కాదు. తనయందున్నదానిని ఎదుటివానికి చక్కగా అందించు యత్నము. కావున యువకులు కంప్యూటరు తెలియని అవ్వకు చెప్పినంత తేటగా చెప్పుటను ఇంటనే అభ్యసింపవలెను. ఉద్యోగానుభవము లేనివాడు, తాను స్వయముగా సరిచేసిన చిన్న చిక్కునొకదానిని, దాని కారణమును కనుగొన్న వరుసను ఉన్నదున్నట్లు చెప్పిన చాలును.

ఆళ్ళగడ్డకు చేరువనే అహోబిల దివ్యక్షేత్రము వెలసియున్నది. బలికి తాతయైన ప్రహ్లాదుని కూడ, నీవు నేర్చినదేమని తండ్రి పరీక్షించెను. అడిగినవాడు కోరిన సమాధానము వేరని తెలిసియు ఆ బాలుడు తన హృదయమున నున్నదే పలికెను. ఆ పలుకు నిజము చేయుటకై స్వామి స్తంభమునుండి వెడలెను.

సత్యము పలికిన ప్రతివానికిని ఉద్యోగము లభించునని చెప్పజాలము. ఒకటి రెండు పర్యాయములు లభింపకపోవచ్చును. అట్టి దినమున రిక్తహస్తములతో ఇల్లు చేరిన బిడ్డను, నిజమే చెప్పితివి గదా, అది చాలునని తల్లిదండ్రులు ఆదరింపవలెను. అపుడతడు మరునాడు ధైర్యముతో మరల సాధనకు కూర్చొనగలడు.